లాభం, రెండు, మూడు

గుణుపురం సంతలో కందులు కొలిచేటప్పుడు
ఒకటి అనరు.
లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు.
మాకది మాటే కాదు, ఊపిరి లాంటిది.
దాన్ని పట్టుకుని నోటుబుక్కులో రాసుకున్నవాడు మాత్రం
గేదెల నీలాచలం.
నౌపడాలో బండి మారి, బుల్లి రైల్లో దిగాడు
రెండు చొక్కాలతో, ఒక గాజు కొలపాత్రతో.

నేనప్పుడు సాహుకారి దగ్గర కుంచం పట్టేవాణ్ణి.
టీ ఇప్పించి అడిగాడు:
"ఎవరి లాభం, కూర్మయ్యా?"
నాకు నవ్వొచ్చింది.
లాభానికి ఎవరేటి బాబూ, అది అంకె.

ఆరు నెలలు తిరిగాడు సంతలన్నీ.
ఎండలో గొంతుక్కూచుని
కుంచం నిండా నీళ్లు పోసి, గాజుపాత్రలోకి వంచి,
మళ్లీ పోసి, మళ్లీ వంచి.
కొండ దిగొచ్చిన సవర సుంబరి
బుట్ట దించకుండానే పకపకా నవ్వింది:
"ఈ గుంటడు కుంచానికి తానం సేయిస్తన్నాడు!"

తేలింది.
కొనే కుంచానికి అడుగు బయటికి కొట్టి ఉంది,
అమ్మే కుంచానికి లోపల లక్క.
రెండింటికీ తేడా గిద్దెడు, పైన ఓ చారెడు.
ఆ చారెడు మీద మూడొందల పేజీలు రాశాడు.
సుంబరి నవ్వు కూడా ఉందట, అడుగున చిన్నక్షరాల్లో.

ఆ పేజీలే ఆయన్ని ఢిల్లీకి మోసుకెళ్లాయి,
అక్కణ్ణించి బ్యాంకులకి, సముద్రాల అవతలికి.
నాకు కార్డులు రాసేవాడు. "పరీక్షకి కట్టు."
కట్టాను. సబ్ ట్రెజరీలో గుమాస్తానయ్యాను.
ఈలోగా బుల్లి రైలు ఆగిపోయింది, పెద్ద రైలొచ్చింది,
ఆయన భువనేశ్వర్‌లో ఆర్థిక మంత్రి అయ్యాడు.

సభలో ఒడియా, ఢిల్లీలో ఇంగ్లీషు.
కూడికలు మాత్రం తెలుగే.
టీవీలో చూసేవాణ్ణి, కాగితం తిప్పేముందు
పెదాలు కదిలేవి. లా...భం.
నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

మిగులు బడ్జెట్ అన్నారు. పేపర్లు మెచ్చుకున్నాయి.
మా గుణుపురానికి కందుల గిడ్డంగి
రెండు కోట్ల పది లక్షలు.
మార్చి ముప్ఫై ఒకటి, సాయంత్రం
నాలుగూ నలభైకి వచ్చింది ఉత్తర్వు.
ఎవరికి ఇవ్వను? ఏ బిల్లు మీద?
రాత్రి తొమ్మిదికి తిరిగి పంపేశాను,
సంతకం నాదే.
మరుసటేడూ అంతే. ఆ మరుసటేడు పది నిమిషాలు ముందొచ్చింది.

అన్యాయం మాట్లాడకూడదు.
జీతాలు ఒకటో తారీకుకి పడ్డది ఈయన హయాంలోనే.
వంశధార పొంగిన ఏడు
రాత్రి రెండింటికి ఫోను చేసి, సొమ్ము నేను పంపిస్తాను,
నువ్వు తలుపులు తియ్యి అన్నదీ ఈయనే.

మొన్న శ్రావణంలో వచ్చాడు
అదే గిడ్డంగికి ఇంకో శంకుస్థాపన రాయి వెయ్యడానికి.
పాత రాయి పక్కనే ఉంది, మేకలు రాసుకుని నున్నబడింది.
పని కాగానే మా ఇంటికొచ్చాడు, బూట్లతోనే.
"ఆ కుంచం ఉందా?"

సాహుకారి సామాను వేలమేసినప్పుడు
కొనుక్కున్నాను, లక్కతో సహా.
చేతికిచ్చాను.
లోపలికి పిడికిలి దూర్చి చూశాడు.
మణికట్టు మునగలేదు.
"నాకు తెలుసు కూర్మయ్యా" అన్నాడు,
"అక్కడ దీన్ని క్రమశిక్షణ అంటారు."
ఏటనాలో నాకు తోచలేదు.
మా కోడలు పంచదార లేని టీ తెచ్చింది.

పీఏ కుర్రాడికి చూపిద్దాం, కొలువు అన్నాడు,
నేను లెక్కపెడతాను.
అరుగు మీద గోనె పరిచి
మొదటి కుంచం వొంపాను.
"లాభం" అన్నాడు.
గొంతు అదే, పాతికేళ్ల నాటిది.

రెండు అనలేదు.
కారు స్టార్టయింది. పోలీసు గడియారం చూసుకున్నాడు.
గోపురంగా నింపిన రెండో కుంచం ఎత్తిపట్టుకుని
నేను ఆయన నోటికేసి చూస్తున్నాను.
గింజలు ఒకటీ అరా జారి
ఆయన బూట్ల మీద పడుతున్నాయి.